పత్రికలో అంధుల మీద వచ్చిన వార్త గుచ్చుకుంటే ఏం రాయాలి, ఎలా పంపాలి?

మీరడిగింది క్లుప్తంగా ఇది. ఉండేది అనంతపురంలో, మీకూ చూపు తక్కువ. ఒకే వారంలో జిల్లా ఎడిషన్‌లో రెండు వార్తలు వచ్చాయి. ఒకదాని శీర్షిక "కళ్లు కనబడుతున్నా అంధుల పింఛన్". రెండోది మార్కులు బాగా తెచ్చుకున్న ఒక అమ్మాయి గురించి, "చీకటిని జయించిన చదువుల తల్లి". తిట్టిన వార్త, పొగిడిన వార్త రెండూ మనసుకు గుచ్చుకున్నాయి. నాలుగు పేజీల ఉత్తరం రాసి పెట్టుకున్నారు గానీ పంపలేదు. పంపాలా, పంపితే వేస్తారా అని అడిగారు.

పంపండి. కానీ ఆ నాలుగు పేజీలు కాదు. రెండు వార్తలకు రెండు వేర్వేరు ఉత్తరాలు రాయండి, ఒక్కోటి 150 పదాలు దాటకుండా. ఒక్కో ఉత్తరంలో వార్తలోని ఒకే ఒక్క వాక్యం పట్టుకోండి, అది ఎందుకు తప్పో చూపే ఒకే ఒక్క ఆధారం ఇవ్వండి, పత్రిక చేయాల్సిన ఒకే ఒక్క పని అడగండి. మీ బాధ చివర ఒక్క వాక్యంలో చాలు.

బాధ ఎందుకు తగ్గించమంటున్నానంటే, బాధ రాస్తే డెస్క్‌లో, అంటే వార్తలు దిద్ది పేజీలో పెట్టే చోట, దాన్ని ఉత్తరంగా చూడరు, ముడిసరుకుగా చూస్తారు. మర్నాడు "ఓ అంధుడి ఆవేదన" అని మీ ఫొటోతో ఇంకో వార్త వస్తుంది. మొదటి వార్తలో తప్పు మాత్రం అలాగే ఉండిపోతుంది. తప్పును వేలు పెట్టి చూపిస్తే సబ్‌ఎడిటర్‌కు రెండే దారులు: సవరించాలి, లేదా మీ ఉత్తరం వేయాలి. మూడోది, చదివి చెత్తబుట్టలో వేయడం, ఎలాగూ ఉంది. ఉత్తరం పొడుగైతే ఆ మూడోదే జరుగుతుంది.

ఇప్పుడు మొదటి వార్త. ఇది కొంచెం లోతుగా చూడాల్సిన సంగతి.

2025లో ప్రభుత్వం దివ్యాంగుల పింఛన్లను మళ్లీ పరిశీలించి నోటీసులు ఇవ్వడం మొదలుపెట్టాక ఇలాంటి వార్తలు ఎక్కువయ్యాయి. నకిలీ సదరం సర్టిఫికెట్లు (వైకల్యం ఎంత శాతమో చెప్పే పత్రాలు) లేవని ఎవరూ అనలేరు, మీరూ అనకండి. నెలకు 6,000 రూపాయలు వచ్చే చోట దొంగతనం ఉంటుంది. ఉత్తరంలో "అందరూ నిజమైనవాళ్లే" అని ఒక్క మాట రాశారంటే మిగతాదంతా కొట్టుకుపోతుంది. మీరు పట్టుకోవాల్సింది వార్త చూపిన రుజువును. అది సాధారణంగా ఇలా ఉంటుంది: పక్కింటాయన మాట, "వాడు సెల్లు చూస్తాండాడు, గుడ్డోడంట!" దానికి తోడు ఆయన ఫోన్ పట్టుకుని ఉన్న ఫొటో.

ఆ ఫొటో ఏమీ రుజువు చేయదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని మూడు విధాలుగా నిర్వచించింది. ఒకటి, అసలు చూపే లేకపోవడం. రెండు, అద్దాలు పెట్టినా మెరుగైన కంటిలో చూపు 3/60 కంటే తక్కువ ఉండడం, అంటే మామూలు కన్ను 60 మీటర్ల నుంచి పోల్చుకునే అక్షరాన్ని ఈ కన్ను 3 మీటర్ల దగ్గరికి వచ్చినా పోల్చుకోలేకపోవడం. మూడోదే పత్రికల వాళ్లకు తెలియనిది: చూపు పరిధి 10 డిగ్రీల కంటే తక్కువ ఉంటే, నడిమధ్యన అక్షరం ఎంత స్పష్టంగా కనబడినా ఆ మనిషి చట్టం దృష్టిలో అంధుడే. చెయ్యి చాచి పిడికిలి బిగించి చూడండి. ఆ పిడికిలి, మహా అయితే రెండు పిడికిళ్లు కప్పినంత మేరే ఆయన లోకం. అందులోంచి ఫోన్ చదువుతాడు, పత్రిక చదువుతాడు, బస్సు బోర్డు కూడా చదువుతాడు. కాళ్ల ముందున్న మెట్టు కనబడదు, పక్కనుంచి వచ్చే ఆటో కనబడదు. నీటికాసులు (గ్లాకోమా) ముదిరినవాళ్లకు, రెటీనా అంచుల నుంచి చచ్చిపోతూ వచ్చే జబ్బు ఉన్నవాళ్లకు ఇలాగే ఉంటుంది. వైద్యుల శాతాల పట్టికలో ఇంత ఇరుకు చూపుకు 90 శాతం వేస్తారు.

రేచీకటి ఉన్నవాళ్ల గతి ఇంకా అన్యాయం. పగలు సైకిలు తొక్కుతాడు, పొద్దుగూకితే చెయ్యి పట్టుకుంటే గానీ నడవలేడు. ఊరంతా "నాటకాలు" అంటుంది, విలేకరి దాన్నే రాసుకుంటాడు.

దీనికి తిరగేసిన సంగతీ ఉంది. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగున్న వ్యక్తికి పట్టిక ప్రకారం వచ్చేది 30 శాతమే. పింఛనుకు 40 శాతం కావాలి. "ఒక కన్ను లేదు, అయినా పింఛన్ ఇవ్వలేదు" అని అధికారుల మీద వచ్చే వార్తలో తప్పు అధికారిది కాకపోవచ్చు. పట్టికే అలా ఉంది. మన పక్షాన వచ్చిన వార్త కదా అని ఇలాంటి తప్పును వదిలేస్తే రేపు మీ ఉత్తరానికి విలువుండదు.

పూర్తిగా చూపు లేనివాళ్లు సైతం ఫోన్ వాడతారు. ఫోన్లోనే ఉండే టాక్‌బ్యాక్ పెట్టుకుంటే తెర మీద వేలు ఎక్కడ తగిలితే అక్కడి మాట పైకి చదువుతుంది. చూడని మనిషి వేలితో తెర తడుముతుంటే పక్కనుంచి చూసేవాడికి "చూస్తున్నట్టే" ఉంటుంది.

ఇదంతా ఉత్తరంలో పెట్టొద్దు. ఒక్క ముక్క చాలు. నమూనా ఇలా ఉండొచ్చు:

"సంపాదకులకు, ఫలానా తేదీ అనంతపురం ఎడిషన్ 3వ పేజీలో 'కళ్లు కనబడుతున్నా అంధుల పింఛన్' అన్న వార్త ఆ వ్యక్తి సెల్‌ఫోన్ చూస్తుండటాన్ని రుజువుగా చూపింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అక్షరాలు చదవగలిగినా, చూపు పరిధి 10 డిగ్రీల లోపు ఉంటే ఆ మనిషి అంధుడే. ఆయన సర్టిఫికెట్ నిజమో కాదో నాకు తెలియదు. ఫొటో చూసి మీరూ చెప్పలేరు. తేల్చాల్సింది కంటి వైద్యులు. మళ్లీ పరీక్ష జరిగిందా, ఎంత శాతం వచ్చింది అన్నది వార్తలో లేదు. అది కనుక్కుని ప్రచురించాలని కోరుతున్నాను. నాకూ తక్కువ చూపే. ఫోన్ చదువుతాను, చీకటి పడ్డాక రోడ్డు దాటలేను."

చివరి వాక్యం చూడండి. మీ నాలుగు పేజీల బాధ అందులో ఉంది. కింద పేరు, ఊరు, ఫోన్ నంబరు తప్పనిసరి. పేరు అచ్చు వేయొద్దనుకుంటే ఆ సంగతి విడిగా రాయండి, పేరు లేకుండా మాత్రం పంపకండి. ఆకాశరామన్న ఉత్తరాన్ని ఏ డెస్కూ నమ్మదు.

రెండో వార్త పొగడ్త కాబట్టి దాని మీద ఉత్తరం రాయడం కష్టం. "మంచిగా రాసినా ఏడుస్తారా?" అంటారు. ఇక్కడ కిటుకు తెలుగు వ్యాకరణంలోనే ఉంది. వార్తలో "అయినా", "లేకపోయినా", "ఉన్నా" ఎక్కడున్నాయో వెతకండి. "చూపు లేకపోయినా అన్ని మార్కులు", "అంధురాలైనా ఉద్యోగం". ఆ ప్రత్యయం తీసేసి వార్త మళ్లీ చదవండి. ఇంకా ఏమైనా మిగిలిందా? పిల్ల ఏం చదివింది, ఎలా చదివింది, బ్రెయిల్ పుస్తకాలు సమయానికి అందాయా, లేక ఎవరో చదివి రికార్డు చేసి పెట్టారా, పరీక్షలో సహాయకుడిని ఎవరు చూసిపెట్టారు, గంటకు 20 నిమిషాల చొప్పున రావాల్సిన అదనపు సమయం ఇచ్చారా? ఇవేవీ లేకుండా చీకటి, వెలుగు, మనోనేత్రం, సంకల్పబలం మాత్రమే ఉంటే ఆ వార్త ఆ అమ్మాయి గురించి కాదు, చదివేవాడి గుండె కరగడం గురించి.

పైగా అలాంటి వార్త అడ్డంకిని మాయం చేస్తుంది. చూపు లేని పారిశ్రామికవేత్త శ్రీకాంత్ బొల్లా పేరు ఇప్పుడు అందరికీ తెలుసు. ఆయన కథలో అసలు ముక్క, ఇంటర్‌లో సైన్స్ గ్రూపు తీసుకోవడానికి కోర్టుకు వెళ్లాల్సి రావడం. ఆ ముక్క తీసేసి పట్టుదల మాత్రం రాస్తే, సీటు ఇవ్వని నిబంధన తప్పించుకుపోతుంది, మిగతా అంధ విద్యార్థులకు పట్టుదల లేదన్న అర్థమూ వస్తుంది.

ఆటల వార్తల్లోనూ ఇదే తంతు. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల తొలి టీ20 ప్రపంచకప్ ఫైనల్లో భారత్ నేపాల్‌ను 7 వికెట్లతో ఓడించింది. కెప్టెన్ దీపిక మన మడకశిర వైపు, కర్ణాటక సరిహద్దు పల్లె అమ్మాయి. అప్పుడొచ్చిన వార్తల్లో కన్నీళ్లు చాలా ఉన్నాయి గానీ ఆట తక్కువ. లోపల గోళీలున్న ప్లాస్టిక్ బంతి గలగలమంటూ వస్తుంది, చేయి కిందినుంచి దొర్లించినట్టు వేస్తారు, జట్టులో బీ1, బీ2, బీ3 అని చూపును బట్టి వర్గాలుంటాయి, అసలు చూపు లేని బీ1 వాళ్లు కనీసం నలుగురు ఉండాలి, వాళ్లు కొట్టిన పరుగులు రెట్టింపు లెక్క. ఇవి చెబితే పాఠకుడు జాలి మానేసి స్కోరు అడుగుతాడు. ఉప ముఖ్యమంత్రిని కలిసినప్పుడు ఆ కెప్టెన్ అడిగింది తమ ఊరికి రోడ్డు. నా దృష్టిలో శీర్షిక కావాల్సింది అదే.

కాబట్టి రెండో ఉత్తరంలో పత్రికను తప్పు పట్టకండి, లోటు చెప్పండి. "వార్త బాగుంది. ఆమె ఏ పద్ధతిలో చదివిందో కూడా రాసి ఉంటే జిల్లాలోని మిగతా అంధ విద్యార్థుల తల్లిదండ్రులకు పనికొచ్చేది. తరువాయి వార్త వేయగలరా?" ఇలా అడిగితే విలేకరికి ఇంకో వార్త దొరికినట్టు, ఆయనకూ ఇష్టమే. ఊళ్లలో పనిచేసే కంట్రిబ్యూటర్లకు జీతం అంతంతమాత్రం, శీర్షిక పెట్టేది వాళ్లు కాదు, డెస్క్. కోపం అంతా ఆయన మీద చూపిస్తే మీ మండలంలో ఉన్న ఒక్క తలుపూ మూసుకుపోతుంది.

మాటల గొడవ గురించి ఒకటి. "గుడ్డి నమ్మకం", "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" లాంటి నుడికారాల మీద ఉత్తరాలు రాసి మీ అవకాశం ఖర్చు చేయకండి. నేనైతే వదిలేస్తాను, మరొకరు వదలకపోవచ్చు. "అంధుడు" తిట్టు కాదు, అంధుల సంఘాలే ఆ పేరు పెట్టుకుంటాయి. "దివ్యాంగుడు" కొందరికి నచ్చుతుంది, కొందరికి ఒళ్లుమంట. వార్తలో మనిషిని "గుడ్డోడు" అంటే మాత్రం తప్పకుండా రాయాలి. ఇక్కడ మీకు అండగా సుప్రీంకోర్టు 2024 జులై 8న నిపుణ్ మల్హోత్రా కేసులో ఇచ్చిన తీర్పు ఉంది. అది సినిమాల్లో దివ్యాంగుల చిత్రణ గురించి చెప్పిందే, పత్రికలకు నేరుగా వర్తించదు. కానీ "బాధితుడు" తరహా మాటలు వద్దని, రేచీకటి లాంటి స్థితిని తప్పుగా చూపితే అపోహలు పెరుగుతాయని, ఒక ఇంద్రియం లేకపోతే ఇంకోదానికి అతీత శక్తి వస్తుందన్న ప్రచారం సరికాదని అందులో ఉంది. ఉదహరించడానికి బాగా పనికొస్తుంది.

ఇంకొన్ని రకాల వార్తలు మీకు తగులుతూనే ఉంటాయి, త్వరగా చెప్పేస్తాను.

ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 వరకు నేత్రదాన పక్షోత్సవాలు. అప్పుడు "కళ్లు దానం చేస్తే అంధులందరికీ చూపు" అని రాస్తారు. అమర్చేది కన్ను కాదు, కంటి ముందున్న పారదర్శక పొర, కార్నియా మాత్రమే. పువ్వు పడి కార్నియా పాడైనవాళ్లకే అది ఉపయోగం. నీటికాసులతోనో, నరం ఎండిపోయో, రెటీనా పోయో చూపు పోయినవాళ్లకు కాదు. ఈ తప్పు వల్ల నష్టం ఉంది: ఏ ఆశా లేని కుటుంబాలు ఊళ్లు పట్టుకుని తిరుగుతాయి. సవరిస్తూనే పనికొచ్చే మాట చేర్చండి. మరణించిన 6 గంటల్లోపు తీయాలి, ఆలోపు రెప్పలు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి, శుక్లం ఆపరేషన్ అయినవాళ్లూ అద్దాలవాళ్లూ ఇవ్వొచ్చు.

అంకెల వార్తలు. 2015-19 జాతీయ సర్వేలో దేశ జనాభాలో అంధత్వం 0.36 శాతం, 50 ఏళ్లు దాటినవాళ్లలో 1.99 శాతం, ఆ వయసువాళ్ల అంధత్వానికి కారణాల్లో శుక్లాల వాటా 66.2 శాతం. అంటే 10 లక్షల మందికి సుమారు 3,600. ఎవరైనా మన జిల్లాలో లక్ష మంది అంధులని రాస్తే ఈ లెక్క వేయండి. పాత అంకెలతో పోల్చి "ఇంత తగ్గింది" అని రాసినప్పుడు ఇంకో మెలిక గమనించండి. 2017లో జాతీయ కార్యక్రమం అంధత్వ నిర్వచనాన్ని 6/60 నుంచి 3/60కి మార్చింది. కొలబద్ద మారాక వచ్చిన తగ్గుదలలో కొంత కాగితం మీదిది.

మేనరికం వార్తలు. రాయలసీమలో మేనమామతో పెళ్లిళ్లు ఉన్న మాట నిజం, కొన్ని రెటీనా జబ్బులకు దానితో లంకె ఉన్న మాటా నిజం. ఒకే జబ్బు జన్యువు తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ 25 శాతం అవకాశం. రక్తసంబంధంలో ఆ ఇద్దరూ కలిసే అవకాశం పెరుగుతుంది. అయితే మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బులు వస్తాయి. వార్త "తల్లి చేసిన పాపం" దిక్కుగా వెళితే సగం జన్యువు తండ్రిదని ఒక్క వాక్యం రాయండి.

అన్నిటికంటే ప్రమాదం అత్యాచారం వార్తలు. బాధితురాలి పేరు రాయకూడదని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ చెబుతుంది కాబట్టి పేరు రాయరు. కానీ "ఫలానా గ్రామానికి చెందిన అంధ యువతి" అని రాస్తారు. ఆ ఊళ్లో చూపు లేని అమ్మాయి ఒక్కతే. పేరు రాసినట్టే కదా. దీనికి ఉత్తరం రాసి అచ్చు కోసం ఎదురుచూడకండి, ఉత్తరం అచ్చయితే ఇంకా నష్టం. వెంటనే ఎడిషన్ ఇన్‌చార్జికి ఫోన్ చేసి ఆన్‌లైన్ కాపీలో ఊరు తీసేయమని అడగండి.

ఇక పంపే పద్ధతి. ముందు వార్తను మీరే సరిగ్గా చదవాలి. ఈ-పేపర్ సాధారణంగా బొమ్మ రూపంలో ఉంటుంది కాబట్టి స్క్రీన్ రీడర్ (తెర మీది అక్షరాలు పైకి చదివే సాఫ్ట్‌వేర్) చదవదు. క్లిప్ తీసి గూగుల్ లెన్స్‌తో అక్షరాలు రాబట్టొచ్చు, కానీ నాలుగు కాలమ్‌ల వార్తను ఒకేసారి ఇస్తే పక్కపక్క కాలమ్‌ల వరుసలు కలిసిపోయి అనని మాటలు అన్నట్టు వస్తాయి. ఒక్కో కాలమ్ విడిగా కత్తిరించి ఇవ్వండి. ఒత్తులు, అంకెలు తప్పుగా వస్తాయి, ముఖ్యంగా శాతాలు. మీరు తప్పు పట్టే వాక్యాన్ని చూపున్నవాళ్ల చేత ఒకసారి చదివించుకోండి. లేని వాక్యానికి జవాబిస్తే అంతకంటే అవమానం లేదు.

ఉత్తరాన్ని ఈమెయిల్ లోపలే యూనికోడ్‌లో (ఫోన్లో మామూలుగా వచ్చే తెలుగులో) టైపు చేయండి. పీడీఎఫ్, చేతిరాత ఫొటో వద్దు, మళ్లీ టైపు చేసే ఓపిక డెస్క్‌కు ఉండదు. యూనికోడ్‌ను పేజీలు పెట్టడానికి వాడే అను ఫాంట్లలోకి మార్చే చోట కొన్ని సంయుక్తాక్షరాలు చెదురుతాయి కాబట్టి సెక్షన్ నంబర్లు, శాతాలు అంకెల్లోనే రాయండి. సబ్జెక్టులో తేదీ, ఎడిషన్, పేజీ, శీర్షిక ఉండాలి. వీలైతే వార్త వచ్చిన రోజో మర్నాడో పంపాలి. వారం తర్వాత ఆ వార్త వాళ్లకే గుర్తుండదు. జిల్లా వార్త అయితే ఉత్తరం జిల్లా డెస్క్‌కు పంపండి, దాని నకలు సంపాదకుడికి పంపండి. ఒకే ఉత్తరాన్ని మూడు పత్రికలకు పంపకండి, ఇంకో పత్రిక తప్పును ఎవరూ అచ్చు వేయరు.

వేయకపోతే? వారం ఆగి ఒకసారి గుర్తుచేయండి. విషయం తీవ్రమైందైతే, పత్రికల మీద ఫిర్యాదులు వినే ప్రెస్ కౌన్సిల్ ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు సంపాదకుడికి రాసి ఉండాలి, అందుకే మొదటి మెయిల్ కాపీ దాచుకోవాలి. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి, క్లిప్పింగ్‌తో పాటు ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. కౌన్సిల్ మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు, టీవీ ఛానళ్ల జోలికి పోలేదు. వార్త వెబ్‌సైట్‌లో ఉంటే ఆ సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి, 2021 ఐటీ నిబంధనల ప్రకారం 15 రోజుల్లో తేల్చాలి. దివ్యాంగుల చట్టం 92వ సెక్షన్‌ను బెదిరింపుగా వాడొద్దు. అది కావాలని, నలుగురి ముందు, అవమానించాలన్న ఉద్దేశంతో చేసినదానికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల శిక్ష వేసే సెక్షన్. తెలియక రాసిన శీర్షిక దాని కిందికి రాదు, వస్తుందని రాస్తే మీ ఉత్తరం నేరుగా పత్రిక లాయర్ బల్ల మీదికి పోతుంది.

మీ విషయంలో వరుస ఇది: ఈ రాత్రే పింఛన్ వార్త గురించిన ఉత్తరం పంపండి, అమ్మాయి వార్త గురించిన ఉత్తరం రెండు రోజులాగి పంపండి. ఒకే పేరుతో ఒకే రోజు రెండు వెళితే ఒకటి పక్కన పెట్టేస్తారు. ఆ నాలుగు పేజీలు పారేయకండి. పింఛన్ పరీక్షల మీద పత్రిక ఎప్పుడైనా పెద్ద వ్యాసం అడిగితే అందులోంచే తీసుకోవచ్చు.